ల్యాబ్‌లో పుట్టిన పూత, ప్లాంట్‌లో సెన్సర్: నా అనుభవం

మా ల్యాబ్‌లో తయారైన ఒక పాలిమర్ పూత ఇప్పుడు మురుగునీటి శుద్ధి ప్లాంట్లలో ఆక్సిజన్ సెన్సర్ల మీద పనిచేస్తోంది. అప్పటిదాకా నాకు తెలిసినవి పేపర్లు రాయడం, పాఠాలు చెప్పడం, గ్రాంట్లకు దరఖాస్తు పెట్టడం. పూతను ల్యాబ్ నుంచి అక్కడికి చేర్చే పనిలో పేటెంట్, లైసెన్స్, పెట్టుబడి, తయారీ అన్నీ మొదటి నుంచి నేర్చుకున్నాను. పరిశోధన చేస్తున్న అమ్మాయిలు చాలామంది ఈ దారి ఎలా ఉంటుందని నన్ను అడుగుతుంటారు. వాళ్ళకు ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ పూత సంగతి చెప్పాలి. నీళ్ళలో ఏ వస్తువు ముంచి ఉంచినా కొన్నాళ్ళకు పాచి పడుతుంది. మొదట ప్రోటీన్లు అంటుకుంటాయి, వాటి మీద బ్యాక్టీరియా స్థిరపడి జిగురు పొర కట్టుకుంటుంది. ధనావేశం, రుణావేశం రెండూ పక్కపక్కనే ఉండే జ్విటర్‌అయానిక్ పాలిమర్లు నీటి అణువులను గట్టిగా పట్టుకుని ఉపరితలం మీద ఒక నీటి పొరను నిలుపుతాయి. ప్రోటీన్ అంటుకోవాలంటే ముందు ఆ నీటిని పక్కకు తోసెయ్యాలి, అదంత తేలిగ్గా జరగదు. ఇంతవరకూ చాలా ల్యాబులకు ఎప్పటి నుంచో తెలిసిన విషయమే. మేము కనిపెట్టింది ఆ పాలిమర్‌ను సెన్సర్ ముఖం మీద ఊడిపోకుండా, ఆక్సిజన్ రాకపోకలకు అడ్డం పడనంత పలచగా నిలిపే పద్ధతి.

ఇది పేటెంట్ దాకా వెళ్ళిందంటే కారణం పక్క విభాగంలోని ఒక సీనియర్ ప్రొఫెసర్. మా పీహెచ్‌డీ విద్యార్థిని ఒక సమావేశానికి పోస్టర్ సారాంశం పంపబోతోంది. ఆ డ్రాఫ్ట్ చూసి మేడమ్, "బాగుంది. ఇది పంపేముందు పేటెంట్ గురించి ఎవరితోనైనా మాట్లాడావా?" అన్నారు. లేదన్నాను. "అయితే ఇవాళే మాట్లాడు. ఇది ఒకసారి బయటికెళ్ళాక యూరప్‌లో నీకు పేటెంట్ రాదు" అన్నారు.

ఆవిడ మాట అక్షరాలా నిజం. అమెరికాలో ఆవిష్కర్త తన పనిని బయటపెట్టాక కూడా దరఖాస్తుకు ఒక ఏడాది గడువు ఉంటుంది. యూరోపియన్ పేటెంట్‌కు అలాంటి గడువు దాదాపు లేనట్టే. దరఖాస్తు తేదీకి ముందు ఆ విషయం ప్రపంచంలో ఎక్కడైనా, ఏ రూపంలోనైనా జనానికి అందితే కొత్తదనం పోయినట్టు లెక్క. పోస్టర్, సారాంశం, లైబ్రరీలో పెట్టిన థీసిస్, ఎవరైనా వచ్చి వినగలిగే సెమినార్, అన్నీ ఇందులోకే వస్తాయి. అలాగని పేపర్‌ను ఏళ్ళ తరబడి దాచుకోనక్కర్లేదు. దరఖాస్తు పడితే చాలు, మర్నాడే పేపర్ పంపుకోవచ్చు. విద్యార్థిని థీసిస్ ఆగిపోతుందేమోనన్న టెన్షన్ నాకు ఆ మాటతోనే తగ్గింది.

పరిశోధనలకు పేటెంట్లు తీసుకుని కంపెనీలకు లైసెన్స్ ఇచ్చే టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసు విశ్వవిద్యాలయంలో ఒకటుందని తెలుసు గానీ అందులో అడుగుపెట్టింది అప్పుడే. వాళ్ళు ముందుగా ఇచ్చేది ఆవిష్కరణ వివరాల ఫారం. ఏం కనిపెట్టారు, ఇంతకుముందున్న వాటికీ దీనికీ తేడా ఏమిటి, ఎవరెవరు పాలుపంచుకున్నారు, ఎక్కడైనా బయటపెట్టారా, డబ్బు ఏ గ్రాంట్ నుంచి వచ్చింది అని అడుగుతారు. గ్రాంట్ ప్రశ్న చూడ్డానికి చిన్నదే, హక్కు ఎవరిదో చాలావరకు అక్కడే తేలుతుంది. అమెరికాలో 1980 నాటి బే-డోల్ చట్టం వచ్చాక ప్రభుత్వ నిధులతో చేసిన ఆవిష్కరణల హక్కును విశ్వవిద్యాలయాలు తమ దగ్గర ఉంచుకోగలుగుతున్నాయి. జర్మనీలో 2002 దాకా అది ప్రొఫెసర్ల సొంతం, ఆ తర్వాత విశ్వవిద్యాలయాలకు మారింది. స్వీడన్‌లో ఇప్పటికీ పరిశోధకులదే. వేరే దేశంలో ఉన్న స్నేహితురాలు చెప్పిన లెక్క మనకు సరిపోకపోవచ్చు. మన ఉద్యోగ ఒప్పందం, మన గ్రాంట్ షరతులు మనమే కూర్చుని చదువుకోవాలి.

ఆ ఆఫీసు అధికారిణి అన్న ఒక మాట నాకు బాగా పట్టుకుంది. తన అనుభవంలో మగ ప్రొఫెసర్లు చాలామంది పని సగంలో ఉండగానే ఫారం పట్టుకొస్తారట. ఆడవాళ్ళు పేపర్ అచ్చయ్యాక, అదీ ఎవరో ఒకరు అడిగితే, వస్తారట. అప్పటికి చేయగలిగింది తక్కువ. ఆవిడ చెప్పినదానికీ బయటి అంకెలకూ పెద్ద తేడా లేదు. 2006లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 4,000 మందికి పైగా జీవశాస్త్ర అధ్యాపకుల వివరాలు చూసి, మహిళలు పేటెంట్ తీసుకునే రేటు మగవాళ్ళ రేటులో 40 శాతం దగ్గరే ఉందని తేల్చింది. ప్రపంచ మేధో సంపత్తి సంస్థ లెక్క ప్రకారం 2023లో అంతర్జాతీయ పేటెంట్ దరఖాస్తుల్లో పేర్లున్న ఆవిష్కర్తల్లో మహిళలు 17.7 శాతం. పరిశోధన నాణ్యతలో ఇంత తేడా ఉందంటే నేను ఒప్పుకోను. ఆ 2006 అధ్యయనంలో మహిళలు చెప్పిన కారణాలు వేరే: పరిశ్రమలో తెలిసినవాళ్ళు తక్కువ, ఇటు వెళ్తే విద్యావృత్తి దెబ్బతింటుందేమోనన్న భయం ఎక్కువ. "ఇది పేటెంట్ చేయొచ్చేమో" అని కాఫీ దగ్గర చెప్పే మనిషి ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మధ్య తేడా ఇది. నాకు ఆ మేడమ్ ఉన్నారు. అందరికీ ఉండరు కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను: ఎవరూ అడక్కపోయినా మీరే వెళ్ళి అడగండి.

తర్వాత ఆవిష్కర్తల పేర్లు. పేపర్‌లో పేరు పెట్టే పద్ధతి వేరు, పేటెంట్‌లో వేరు. క్లెయిముల్లో, అంటే దేని మీద హక్కు కోరుతున్నామో చెప్పే వాక్యాల్లో, రాసిన ఆలోచనకు ఎవరు బుర్ర పెట్టారో వాళ్ళే ఆవిష్కర్తలు. చెప్పినట్టు కొలతలు తీసినవాళ్ళు, నిధులు తెచ్చినవాళ్ళు, విభాగాధిపతి, వీళ్ళెవరూ ఆ కారణంగా ఆవిష్కర్తలు కారు. పేర్లు కావాలని తప్పుగా పెడితే పేటెంటే చెల్లకుండా పోయే ప్రమాదముంది. నోట్‌బుక్కులు ముందేసుకుని కూర్చుని చూస్తే, పూత పట్టు నిలవడానికి మధ్యలో ఇంకో పలచటి పొర వేయాలన్న ఆలోచన మా విద్యార్థినిదే అని తేదీతో సహా కనిపించింది. నాతో సమానంగా ఆమె పేరు వెళ్ళింది. తేదీ వేసి, ఎవరి ఆలోచనో రాసి పెట్టుకునే అలవాటు ల్యాబ్‌లో ఆడపిల్లలకు నేను చెప్పే మొదటి పాఠం. గట్టిగా మాట్లాడేవాళ్ళ పేరు గుర్తుండిపోయే చోట, రాత ఒక్కటే మన పక్షాన నిలబడుతుంది.

పేటెంట్ లాయర్‌తో కూర్చున్న రోజులు ఈ మొత్తంలో నాకు బాగా నచ్చిన రోజులు. ఆయన అడిగిన ప్రశ్నలు సమీక్షకులు అడిగేవాటిలా లేవు. "మీ పోటీదారు మీ పేటెంట్ చదివి, దాన్ని తప్పించుకుని ఇదే ఫలితం తేవాలంటే ఏం చేస్తాడు?" అన్నారు. ఇంకో పాలిమర్ వాడొచ్చు, మధ్య పొర మార్చొచ్చు, మందం మార్చొచ్చు అన్నాను. "మరి అవన్నీ కూడా పనిచేస్తాయని మీ దగ్గర ఆధారం ఉందా?" అన్నారు. ఒకటే పాలిమర్, ఒకటే మందం మీద శుభ్రంగా చేసిన పని పేపర్‌కు చాలు. క్లెయిము వెడల్పుగా ఉండాలంటే వెడల్పుగా ఉదాహరణలు కావాలి. ల్యాబ్‌కు తిరిగొచ్చి అదే కుటుంబంలోని మరికొన్ని పాలిమర్లు, పలచటి నుంచి మందం దాకా వేర్వేరు పూతలు చేశాం. అందులో కొన్ని విఫలమయ్యాయి, అవీ పనికొచ్చాయి. మందం ఎక్కడ దాటితే సెన్సర్ స్పందన నెమ్మదిస్తుందో ఆ హద్దు అలాగే దొరికింది. మొదటి దరఖాస్తు పడ్డాక మిగతా దేశాలకు వెళ్ళడానికి పన్నెండు నెలలు, అంతర్జాతీయ దారిలో వెళ్తే ఒక్కో దేశంలో విడిగా ఖర్చు మొదలవడానికి మొదటి తేదీ నుంచి సాధారణంగా 30 నెలలు ఉంటాయి. ఆ లోపు ఇది ఎవరికి కావాలో తేలకపోతే విశ్వవిద్యాలయాలు చాలాసార్లు ఖర్చు ఆపేస్తాయి. అందుకే వాడేవాళ్ళను వెతకడం వెంటనే మొదలుపెట్టాం.

అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2011లో ఐ-కోర్ అనే శిక్షణ మొదలుపెట్టింది. పరిశోధకులు ల్యాబ్ వదిలి వంద మంది దాకా వాడకందార్లతో మాట్లాడాలన్నది దాని నియమం. అదే పద్ధతిలో నడిచే ఒక శిక్షణలో మేము చేరాం. అమ్మకం మాట ఎత్తకూడదు, మన ఆవిష్కరణ గురించి చెప్పకూడదు, వాళ్ళ రోజు ఎలా గడుస్తుందో మాత్రం అడగాలి. నాకు అది మొదట్లో ఇబ్బందిగా ఉండేది. తెలిసింది చెప్పడమే మన వృత్తి కదా.

నదులు, చెరువుల నీటిని పరిశీలించేవాళ్ళు మా మొదటి వాడకందార్లవుతారని అనుకున్నాం. వాళ్ళు ఎంతో ఉత్సాహంగా మాట్లాడారు, కానీ కొత్త సెన్సర్‌కు వాళ్ళ దగ్గర డబ్బు లేదు. అసలు విషయం ఒక శుద్ధి ప్లాంట్ ఆపరేటర్ దగ్గర తెలిసింది. ట్యాంకు గట్టు మీద నిలబడి, సెన్సర్ రాడ్ పైకి లాగి, పాచి తుడుస్తూ ఆయన చెప్పాడు: "పాడైతే మార్చేస్తాం మేడమ్, దానికేముంది. పాడవకుండానే తప్పు చెప్తుంది చూడండి, అదీ నాకు తలనొప్పి."

ఆ మాట ఎందుకంత ముఖ్యమో కొంచెం వివరంగా చెప్పాలి. మురుగునీటి ట్యాంకులో వ్యర్థాన్ని తినే బ్యాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి. దానికోసం బ్లోయర్లతో గాలి ఊదుతారు. చాలా ప్లాంట్లలో మొత్తం కరెంటులో సగమో, అంతకన్నా ఎక్కువో ఈ గాలికే పోతుంది. ఎంత ఊదాలో సెన్సర్ చెప్తుంది. లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర ఆక్సిజన్ ఉంచడం మామూలు. సెన్సర్ ముఖం మీద పాచి పడితే ఆ పాచిలోని బ్యాక్టీరియా కూడా ఆక్సిజన్ తాగేస్తుంది. దాంతో ట్యాంకులో చాలినంత ఉన్నా సెన్సర్ తక్కువ చూపిస్తుంది, బ్లోయర్లు ఇంకా గట్టిగా తిరుగుతాయి. ఏ అలారమూ మోగదు, బిల్లు మాత్రం పెరుగుతుంది. పాచి సెన్సర్ ఆయుష్షును తగ్గిస్తుందనే మేము పేపర్లో రాశాం. అక్కడ నిలబడ్డాక మా పూత విలువ రీడింగ్ నమ్మకంలో ఉందని అర్థమైంది. అప్పటి నుంచి మా ప్రయోగాలే మారిపోయాయి. ఎన్ని రోజులు పాచి పట్టలేదని కొలవడం మాని, తుడవకుండా ఎన్ని రోజులు రీడింగ్ నిజానికి దగ్గరగా ఉందో కొలవడం మొదలుపెట్టాం.

ఇంకో సంగతీ అక్కడే తెలిసింది. ల్యాబ్‌లో మేము పెంచే ఒకే రకం బ్యాక్టీరియాకీ అసలు మురుగునీటికీ పోలికే లేదు. అందులో జిడ్డు, వెంట్రుకలు, గుడ్డ పీచులు ఉంటాయి. పీచు రాడ్‌కు చుట్టుకుంటే మా పూత ఏమీ చేయలేదు. అందుకని పాచిని ఆపుతుంది, పీచును ఆపదు అని అందరికీ ముందే స్పష్టంగా చెప్పాం. అలా చెప్పినందువల్లే కొన్ని ప్లాంట్లు తమ ట్యాంకుల్లో పరీక్షకు ఒప్పుకున్నాయని నా నమ్మకం.

పెట్టుబడిదారుల ముందు నిలబడటం వేరే లోకం. ఒక సమావేశంలో రసాయనం గురించిన ప్రశ్నలన్నీ పీహెచ్‌డీ అయ్యాక మా ల్యాబ్‌లో పనిచేస్తున్న పోస్ట్‌డాక్ అబ్బాయి వైపు చూసి అడిగారు. రెండుసార్లు జవాబిచ్చి మూడోసారి అతను, "ఇది మేడమ్ పని, మేడమ్‌ని అడగండి" అన్నాడు. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత మా మెంటర్ ఒక పరిశోధన చూపించారు. 2018లో అకాడమీ ఆఫ్ మేనేజ్‌మెంట్ జర్నల్‌లో అచ్చయింది. స్టార్టప్ పోటీల్లో పెట్టుబడిదారులు అడిగే ప్రశ్నలను పరిశీలిస్తే, మగ వ్యవస్థాపకులను ఎక్కువగా "ఎంత పెరుగుతారు" అనే తరహాలో, మహిళలను ఎక్కువగా "నష్టం రాకుండా ఎలా కాపాడుకుంటారు" అనే తరహాలో అడుగుతున్నారని తేలింది. కాపాడుకునే ప్రశ్నకు కాపాడుకునే జవాబే ఇచ్చినవాళ్ళకు తక్కువ డబ్బు వచ్చింది, జవాబును ఎదుగుదల వైపు తిప్పినవాళ్ళకు ఎక్కువ వచ్చింది.

దాన్ని మేము అభ్యాసం చేశాం. "పెద్ద సెన్సర్ కంపెనీ ఇదే చేస్తే మీరేం చేస్తారు?" అని అడిగితే, ముందు పేటెంట్ గురించి ఒక్క వాక్యం చెప్పి, ఆ వెంటనే ఆ పెద్ద కంపెనీల సెన్సర్లకే మా పూత అమ్మే అవకాశం ఎంతుందో చెప్పాను. ప్రశ్నలు అడిగేవాళ్ళు మారాలి, అందులో నాకు సందేహం లేదు. అప్పటిదాకా మన పని ఆగకూడదు కాబట్టి ఈ నేర్పు అవసరం.

ఉద్యోగం వదిలి కంపెనీ పెట్టాలా అన్నది నన్ను ఎక్కువగా నిద్రపోనివ్వని ప్రశ్న. రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ 2005లో గేవో అనే కంపెనీ స్థాపనలో పాలుపంచుకున్నారు, 2013లో ప్రొవివి అనే కంపెనీ స్థాపనలోనూ ఉన్నారు. మరో రసాయన శాస్త్రవేత్త కారొలిన్ బెర్టోజ్జీ 2008లో రెడ్‌వుడ్ బయోసైన్స్ అనే కంపెనీ మొదలుపెట్టారు. ఇద్దరూ ప్రొఫెసర్లుగానే కొనసాగారు. ల్యాబ్‌ను వదలకుండా కంపెనీలో నిలబడే దారి ఒకటుందని వాళ్ళను చూసే ధైర్యం వచ్చింది. మా విద్యార్థిని డాక్టరేట్ అయ్యాక కంపెనీ నడిపే బాధ్యత తీసుకుంది, నేను వాటాతో శాస్త్ర సలహాదారుగా ఉన్నాను. ఎవరికెంత వాటా అన్నది రూపాయి పెట్టుబడి రాకముందే రాసుకున్నాం. ఆ వాటాలు ఒకేసారి కాక, పనిచేసిన కాలాన్నిబట్టి కొన్నేళ్ళ మీద చేతికొస్తాయి. ఎవరైనా మధ్యలో వెళ్ళిపోతే మిగిలినవాళ్ళు ఇబ్బంది పడకుండా ఇలా చేస్తారు.

విశ్వవిద్యాలయంతో లైసెన్స్ ఒప్పందంలో రాయల్టీ శాతం కన్నా మిగతా షరతుల మీదే నేను ఎక్కువ పట్టుబట్టాను. కంపెనీకి ఇచ్చింది నీటి సెన్సర్ల రంగం వరకే. వైద్య పరికరాల హక్కు విడిగా ఉంచాం. కంపెనీ ఒప్పుకున్న గడువుల్లో పని ముందుకు తీసుకెళ్ళకపోతే హక్కు వెనక్కి వస్తుంది. బోధనకీ పరిశోధనకీ ఆ పద్ధతిని వాడుకునే స్వేచ్ఛ ల్యాబ్‌కు ఎప్పుడూ ఉంటుంది. ఒప్పందం మాటల్లోకి మిమ్మల్ని పిలవకపోతే పిలవమని మీరే ఉత్తరం రాయండి. హక్కు విశ్వవిద్యాలయానిదైనా, ఏ రంగంలో ఇది పనిచేస్తుందో చెప్పగలిగేది మీరే.

ఇటు ల్యాబ్‌కీ కంపెనీకీ మధ్య గోడ కట్టాల్సొచ్చింది. నా విద్యార్థుల్లో ఎవరికీ కంపెనీ పని అప్పగించకూడదు. కంపెనీకి సంబంధమున్న థీసిస్ అయితే పర్యవేక్షణలో ఇంకో ప్రొఫెసర్ ఉండాలి. వీటిని నేనే రాసి డీన్‌కు ఇచ్చాను. పదోన్నతి లెక్కల్లో పేటెంట్‌కూ లైసెన్స్‌కూ ఏం విలువ ఉందో కూడా అప్పుడే రాతపూర్వకంగా అడిగాను. ఇక సాయంత్రం పూట జరిగే పరిచయ సమావేశాలకు చిన్న పిల్లలున్నవాళ్ళు రాలేరని శిక్షణ నిర్వాహకులకు చెప్తే, కొన్నిటిని మధ్యాహ్నానికి మార్చారు. అడిగితే మారిన విషయాల్లో అదొకటి.

తయారీ దగ్గర మాకు చాలా కాలం పట్టింది. ల్యాబ్‌లో ఒక్కో సెన్సర్‌ను ద్రావణంలో ముంచి, రాత్రంతా ఆరబెట్టేవాళ్ళం. ఫ్యాక్టరీలో అంత సేపు ఆగరు. పిచికారీ చేసి నిమిషాల్లో గట్టిపడేలా చేయాలంటే పాలిమర్ గొలుసు పొడవు దగ్గర్నుంచి మళ్ళీ చూసుకోవాల్సొచ్చింది. ఆ పనిలోంచే రెండో పేటెంట్ దరఖాస్తు వచ్చింది, దాని హక్కు కంపెనీది. ఇప్పుడు సెన్సర్ తయారీదారులు పూత వేసిన ముఖాలు కొంటున్నారు. తాగునీటి పరికరాల వైపు ఇంకా వెళ్ళలేదు. ఆ నీటిని తాకే ప్రతి పదార్థానికీ విడిగా అనుమతులు కావాలి.

విడిగా ఉంచిన వైద్య రంగం మీద పోయినేడు పని మొదలైంది. మూత్రనాళ కాథెటర్ల మీద కూడా ఇలాగే పాచి కట్టి ఇన్ఫెక్షన్లు తెస్తుంది. ఒక వైద్య పరిశోధకురాలితో కలిసి అదే పూతను మెత్తటి సిలికోన్ గొట్టాల మీద నిలిపే ప్రయత్నంలో ఉన్నాం. ఫలితాలు ఇంకా కొద్ది నమూనాల మీదే ఉన్నాయి, ఆవిష్కరణ ఫారం మాత్రం ఇచ్చేశాం. తర్వాతి మెట్టు వైద్య పరికరాలకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10993 ప్రకారం జీవ అనుకూలత పరీక్షలు, అంటే పూత శరీరానికి హాని చేయదని చూసే పరీక్షలు. వాటికి కావలసిన గ్రాంట్ దరఖాస్తును ఈ నెలలోనే పంపుతున్నాం.